మహారాజశ్రీ రిటర్న్ టికెట్ గారికి

మహారాజశ్రీ రిటర్న్ టికెట్ గారి దివ్య సముఖమునకు,

హైదరాబాద్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ తేదీ మారుతుంది, మీరు రద్దవుతారు, ఒక్కోసారి మీ డబ్బు వాపసు కూడా వస్తుంది. అయినా మీ మాటకున్న విలువ మా మాటకు లేదు. "చూసి వచ్చేస్తానండీ, అక్కడే ఉండిపోవడానికి నాకేం పట్టింది" అని ఎంత ఒట్టేసి చెప్పినా కౌంటర్లో నమ్మరు. మీరు ఫోన్‌లో పీడీఎఫ్‌గా ఒక్కసారి కనిపిస్తే చాలు, నమ్మేస్తారు.

మీ దర్బారు పరాయి దేశంలో ఉంటుందనుకునేవాణ్ణి. అది షంషాబాద్‌లోనే ఉందని, పుష్పక్ బస్సు దిగి చెకిన్ లైన్లో నిలబడ్డాక తెలిసింది.

2023 నవంబరులో థాయిలాండ్, డిసెంబరులో మలేషియా మనవాళ్లను వీసా లేకుండా రమ్మన్నాక మా కాలనీలో బ్యాంకాక్ చూడనివాడు లేడు. నేనూ బయల్దేరాను. బ్యాంకాక్ వరకే టికెట్. అక్కడి నుంచి థాయిలాండ్ సరిహద్దులోని నాంగ్‌ఖాయ్ వెళ్లి, మెకాంగ్ నది మీద 1994లో తెరిచిన స్నేహ వంతెన దాటి లావోస్, ఆ పైన వియత్నాం. డబ్బులు ఎక్కడ అయిపోతే అక్కడ ఏది చవగ్గా దొరికితే అది పట్టుకుని ఇంటికి. ఇంతకంటే సాధువైన ప్లాన్ ఏముంటుంది?

"సార్, రిటర్న్?" అంది కౌంటర్లో అమ్మాయి.

"లేదండీ. లావోస్ వెళ్తాను."

"లావోస్ టికెట్?"

"బస్సులో వెళ్తాను."

"బస్సు టికెట్ చూపించండి."

"అది అక్కడ బస్టాండ్‌లో కొనాలి కదండీ."

ఆ అమ్మాయి కీబోర్డు మీద ఏదో కొట్టి, తెర వైపు చూసి, చాలా మర్యాదగా, "టికెట్ లేకపోతే బోర్డింగ్ పాస్ ఇవ్వలేను సార్" అంది. పక్కకు తప్పుకుని సూట్‌కేస్ మీద కూర్చుని ఫోన్ తీశాను. ఎయిర్‌పోర్టు వైఫై కావాలంటే ఓటీపీ. కార్డుకి ఇంకో ఓటీపీ. మొదటిది వచ్చింది. రెండోది వచ్చేసరికి టైమ్ అయిపోయి, పేజీ మళ్లీ మొదటికొచ్చింది, ధర మాత్రం పైకి పోయింది. చివరికి అన్నిట్లోకీ చవగ్గా దొరికింది బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్. నాకు కౌలాలంపూర్‌తో పనీ లేదు, పగా లేదు. ఆ పీడీఎఫ్ చూపించగానే ఆ అమ్మాయి ముఖం విప్పారింది, "హ్యాపీ జర్నీ సార్" అంది. బ్యాంకాక్‌లో దిగితే అక్కడి ఆఫీసరు ఫొటో తీశాడు, వేళ్లు పెట్టమన్నాడు, స్టాంపు కొట్టాడు. మీ పేరు కూడా ఎత్తలేదు.

ఆ అమ్మాయిని తిట్టుకుని లాభం లేదు లెండి. విమానయానం మీద దేశాలు చేసుకున్న 1944 నాటి షికాగో ఒప్పందానికి 9వ అనుబంధమని ఒకటుంది. గమ్యంలో దిగిన ప్రయాణికుణ్ణి ఆ దేశం లోపలికి రానివ్వకపోతే, తెచ్చిన విమానం వాళ్లే వెనక్కి తీసుకుపోవాలి. దానిమీద కొన్ని దేశాలు జరిమానా కూడా వేస్తాయి. అందుకే ఏ దేశానికి ఏ కాగితాలు కావాలో చెప్పే టైమాటిక్ అనే జాబితాను ముందు పెట్టుకుంటారు. అందులో "రిటర్న్ లేదా ముందుకెళ్లే టికెట్" అని ఉంటే, అది లేనివాణ్ణి ఎక్కించడానికి ఎవరి జీతమూ ఒప్పుకోదు. అలా దేశాల సరిహద్దులన్నీ మెల్లగా జరిగి జరిగి మన చెకిన్ కౌంటర్లోకి వచ్చి కూర్చున్నాయి. ఆంజనేయస్వామి అదృష్టవంతుడు. లంకిణి ఎవడవు, ఎందుకొచ్చావు అని అడిగిందే గానీ, ఎప్పుడు పోతావు అనలేదు. అడిగినందుకే ఎడమచేత్తో ఒకటి పడింది. షంషాబాద్‌లో ఆ పద్ధతి కుదరదు, సీఐఎస్ఎఫ్ వాళ్లుంటారు.

సరే, మీరు ఉన్నంత మాత్రాన మనిషి తిరిగి వస్తాడని ఎవరు చెప్పారండీ? రానూపోనూ టికెట్లో పోయే సగం వాడకపోతే వచ్చే సగాన్ని విమానం వాళ్లే రద్దు చేస్తారు. వచ్చే సగం వాడకపోతే ఎవరూ ఏమీ అనరు. పైగా కొన్ని ఎయిర్‌లైన్లలో ఒంటి టికెట్ కంటే రానూపోనూ కలిపి కొంటేనే చవక. ఇక పరాయి దేశంలో ఉండిపోదామని గట్టిగా అనుకున్నవాడు మిమ్మల్ని కొనకుండా వెళ్తాడా? వాడి దగ్గర మీరు మూడు కాపీలు, కలర్ ప్రింట్లో ఉంటారు. మీరు లేకుండా పట్టుబడేది నాలాంటి బద్ధకస్తుడే.

మీ వేషాలు యూరప్ వీసా దగ్గర ఇంకా ముచ్చటగా ఉంటాయి. షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) దరఖాస్తులో రానూపోనూ బుకింగ్ చూపించాలి, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్సు చూపించాలి. అదే సమయంలో, వీసా రాకుండా టికెట్ కొనుక్కుని నష్టపోవద్దని సలహా కూడా ఇస్తారు. పెళ్లి ఖాయం కాకముందే బారసాల ముహూర్తం చెప్పమన్నట్టు. ఆ సందులోంచి పుట్టిందే మీ పాక్షికావతారం, డమ్మీ టికెట్. అమీర్‌పేటలో ఏ వీసా కన్సల్టెంటును అడిగినా చేతిలో పెడతాడు. పీఎన్ఆర్ నిజమే, వెబ్‌సైట్లో కొడితే పేరూ వస్తుంది. డబ్బు కట్టలేదు గనక గడువు దాటగానే తనంతట తనే పోతుంది. ఫొటోషాప్‌లో చేసే బాపతు వేరే ఉంది. అది ఫోర్జరీ, వీసాతో పాటు పరువూ పోతుంది.

నన్నడిగితే మీకంటే చిలుకూరు బాలాజీ నయం. వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వస్తే 108 అని మొక్కు. ఆ 108 బాకీ పెట్టి విమానం ఎక్కినవాడు ఎన్నేళ్లకైనా తిరిగి రాక తప్పదు. తేదీ మార్పు ఫీజు కూడా లేదు. టైమాటిక్ వాళ్లు ఆలోచించాలి.

ఇంతవరకూ నవ్వుకున్నాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు మీరు చేసే పనికి మాత్రం నవ్వు రాదు. పదో తరగతి పాసవ్వని మనిషి పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస అనుమతి అవసరం) కిందికి వస్తుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం గల్ఫ్‌కు కూలిపనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి, జీతం, ఒప్పందం అన్నీ చూపించాలి. అదే విజిట్ వీసా మీద వెళ్తే వీసా, మీరు, ఇద్దరూ ఉంటే చాలు. ఏజెంటుకు ఇంకేం కావాలి? మిమ్మల్ని కొంటాడు, ఆ కాగితం మనిషి చేతిలో పెడతాడు, "టూరిస్టు అని చెప్పు" అంటాడు. పెట్టెలో మాసిన లుంగీలు, మామిడికాయ తొక్కు, మోకాళ్ల నొప్పికి గోలీలు. బుర్జ్ ఖలీఫా చూడ్డానికి బయల్దేరిన టూరిస్టు వాలకం అది! పనికి వెళ్లే మనిషికి ఉండే రక్షణ అంతా ఆ ఒక్క కాగితంతో ఎగిరిపోతుంది. విమానం దిగాక మీ రెండో సగాన్ని రద్దు చేయించి, వచ్చినంత జేబులో వేసుకునే మహానుభావులూ ఉన్నారు.

వీసా గడువు అయిపోయాక ఆ మనిషిని అక్కడి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. పట్టుబడితే జైలు, లేకపోతే దొంగచాటు పని. 2024లో యూఏఈ క్షమాభిక్ష ప్రకటించి సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు నెలాఖరు వరకూ, తర్వాత డిసెంబరు 31 వరకూ పొడిగించి, గడువు మీరినవాళ్ల జరిమానాలు మాఫీ చేసింది. జరిమానా పోయింది, సరే. ఇంటికి రావడానికి టికెట్? అప్పుడు మీరెక్కడున్నారండీ? అక్కర్లేనప్పుడు కంపల్సరీ అన్నారు, కావలసినప్పుడు ముఖం చాటేశారు.

మన దేశమేమీ తక్కువ తినలేదు. ఈ-వీసా మీద చార్మినార్ చూడ్డానికి వచ్చే తెల్లవాడి దగ్గర రిటర్న్ టికెట్టో, ముందుకెళ్లే టికెట్టో, దాంతోపాటు చాలినంత డబ్బూ ఉండాలని మనమూ రాసుకున్నాం. ఇరానీ చాయ్ తాగి లాడ్ బజార్ గాజుల కొట్లో స్థిరపడిపోతాడని భయం కాబోలు.

ఒక్క మా పిన్ని విషయంలో మాత్రం మీకు దండం పెట్టాలి. కూతురి పురిటికని డాలస్ వెళ్లింది. అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షనుంది. టూరిస్టు వీసా అడిగిన ప్రతివాడూ అక్కడ ఉండిపోవడానికే వస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని నిరూపించుకోవలసింది వాడే. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆ గండం గడిచాక, డాలస్ ఎయిర్‌పోర్టులో చెప్పాల్సిన జవాబులు కూతురు వాట్సాప్‌లో బట్టీ పట్టించింది. "మనవణ్ణి చూడ్డానికి వచ్చా అను, నీళ్లు పోయడానికి అనకు. ఎప్పుడు వెళ్తావంటే తేదీ చెప్పు, 'మా అమ్మాయి పంపినప్పుడు' అనకు." బీ-2 అనే ఆ టూరిస్టు వీసా ఉన్నవాళ్లకు మీరు తప్పనిసరి అని నిబంధన ఏమీ లేదు. అయినా హ్యాండ్‌బ్యాగులో ఒకటి, సూట్‌కేసులో ఒకటి, ఆవకాయ డబ్బా చుట్టిన కవర్లో ఒకటి, మీ ప్రింట్లు మోసుకెళ్లింది. ఆఫీసరు ఆరు నెలలకు స్టాంపు వేశాడు.

ఆ ఆరు నెలలూ ఇప్పుడు దగ్గరపడ్డాయి. పిన్నికి కారు నడపడం రాదు, శనివారం కాస్ట్‌కో అనే పెద్ద కొట్టుకు తీసుకెళ్తే అదే ఊరేగింపు. పిల్లాడి డే కేర్ ఖర్చు లెక్కేసుకున్న అల్లుడు ఐ-539 ఫారం పెట్టి అత్తగారి మకాం పొడిగిద్దామంటున్నాడు. పిన్నికి పొద్దున లేస్తే వనస్థలిపురం గుర్తొస్తోంది, కూతురి మీద ప్రేమా ఉంది, పోతానని నోరు తెరిచి చెప్పలేదు. ఎవరేమన్నా ఆవిడ అనేది ఒక్కటే మాట: "టికెట్ కొనేశారు కదే."

తేదీ మార్చడానికి ఎంతవుతుందని అల్లుడు మీవాళ్లకు ఫోన్ చేయబోతున్నాడు. కాస్త ఎక్కువే చెప్పండి.

ఇట్లు,
కౌలాలంపూర్ ఇంకా చూడని ఒక హైదరాబాదీ