బడి గేటు తెరిచారు సరే, రాని పిల్లల సంగతి?

కరోనా తర్వాత బడులు తెరుచుకున్న తీరు మీద మన దగ్గర జరిగిన చర్చ చాలావరకు తేదీలు, పరీక్షలు, ఫీజుల చుట్టూ తిరిగి ఆగిపోయింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని కతోలిక పాఠశాలల విషయంలో మాత్రం అంతటితో ఊరుకోవడానికి వీల్లేదు. ఈ పాఠశాలలు తమను కేవలం చదువు చెప్పే సంస్థలుగా పరిచయం చేసుకోవు. వార్షికోత్సవ వేదిక మీద కరస్పాండెంటు ఫాదర్ మాట్లాడినా, ప్రవేశాల వేళ హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ తల్లిదండ్రులతో మాట్లాడినా, మనదంతా ఒకే కుటుంబమన్న మాట రాకుండా ఉండదు. కుటుంబమన్నాక, ఏడాదిన్నర తర్వాత ఇల్లు చేరినవాళ్లను చూసి సంతోషించడంతో పాటు చేరనివాళ్లు ఎక్కడున్నారని వెతకడం కూడా ఉంటుంది. ఆ రెండో పని ఎంత జరిగిందన్నదే ఇక్కడి ప్రశ్న.

పిల్లలు తిరిగి రావడం ఈ ప్రాంతంలో ఒక్క రోజున జరిగిపోలేదు. రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చి 12న బయటపడింది నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన ఒక విద్యార్థికి. సరిగ్గా వారానికి, మార్చి 19 నుంచి, రాష్ట్రమంతటా బడులకు సెలవులిచ్చారు. నవంబరు 2న తొమ్మిది, పది తరగతుల పిల్లలను రోజు విడిచి రోజు రమ్మన్నారు; ఆ నెల తిరక్కుండానే నివర్ తుపాను వచ్చి నెల్లూరు జిల్లాను ముంచింది. ప్రాథమిక తరగతుల వంతు 2021 ఫిబ్రవరి 1న వచ్చింది. చిన్నపిల్లలకు అక్షరాలు మళ్లీ కుదురుకుంటున్నాయనుకునేలోపు రెండో ఉధృతి మొదలై, ఏప్రిల్ 20 నుంచి ఒకటి మొదలు తొమ్మిదో తరగతి దాకా మళ్లీ మూసేశారు. ఆ మే నెలలో ఆనందయ్య కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన జనాన్ని చూసినవారికి, ఇక్కడి ఇళ్లలో ఎంత భయం గూడు కట్టుకుని ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. ఆగస్టు 16న బడులు తెరిచాక కూడా, నవంబరులో పెన్నకు వరద వచ్చి కోవూరు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. చదువు ఇంకోసారి ఆగింది. ఇన్నిసార్లు తెగిన దారంలో ఏ తెగిన చోట ఎవరు జారిపోయారో తెలియాలంటే, ఒక్క ఆగస్టు 16 నాటి హాజరు చూస్తే చాలదు.

ఆ రోజుల్లో కతోలిక పాఠశాలల్లో కనిపించిన శ్రద్ధను తక్కువ చేయడం న్యాయం కాదు. ప్రార్థనకు నిలబడే చోట సున్నంతో గుండ్రాలు గీశారు, గేటు దగ్గర ఆయా చేతికి థర్మల్ గన్ ఇచ్చారు, కుళాయిల పక్కన సబ్బులు పెట్టారు, తల్లిదండ్రుల అంగీకార పత్రం లేనిదే లోపలికి రానివ్వలేదు. శుభ్రత, వరుస, గంట కొట్టగానే నిశ్శబ్దం సిస్టర్ల బడులకు ఒకరు వచ్చి నేర్పవలసినవి కావు. అంతకన్నా చెప్పుకోవలసింది మరొకటి ఉంది. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల రూపాయల డిపాజిట్ ప్రకటించింది, మంచిదే. కానీ తండ్రి పోయిన నెలకే యూనిఫాం వేసుకుని వచ్చిన పిల్ల తరగతి గదిలో ఎలా కూర్చుంటుందన్నది డిపాజిట్‌తో తేలే విషయం కాదు. మరియమాత గుహ ముందు నిలబెట్టి, పోయినవారిని తలచుకుని, ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చిన బడికీ, మొదటి గంటలోనే సిలబస్ మీద పడిన బడికీ చాలా తేడా ఉంది. ఆ తేడా ఈ సంస్థల సొంత బలం. నా ఫిర్యాదు ఆ బలాన్ని గేటు లోపలికే పరిమితం చేశారని.

ఇక్కడ కతోలిక బడి అంటే ఒకటి కాదు, రెండు రకాలు. నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్ పాలనలో ఉండే కతోలిక ప్రాంతం) 1928లో ఏర్పడింది. మద్రాసు అగ్రమేత్రాసనం నుంచి వేరుపడిన ఈ ప్రాంతంలో మిల్ హిల్ అనే మిషనరీ సభకు చెందిన ఫాదర్లు పనిచేశారు. (ఒంగోలు అనగానే చాలామందికి గుర్తొచ్చే క్లౌ దొర, ఆయన వెనక వచ్చిన ఏబీఎం బడులు బాప్టిస్టు మిషన్‌వి, ఆ చరిత్ర వేరు.) ఈ క్రమంలో పెరిగిన బడుల్లో ఒక రకం పట్టణాల్లోని ఇంగ్లీషు మీడియం హైస్కూళ్లు, ఫీజుతో నడుస్తాయి, సీటు కోసం సిఫారసులు నడుస్తాయి. రెండో రకం ఊరి చివర దళితవాడలో, చర్చి పక్కనే రెండు గదుల్లో నడిచే ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) ఎలిమెంటరీ స్కూళ్లు. ఎయిడెడ్ పోస్టులో, అంటే ప్రభుత్వ గ్రాంటు మీద జీతం వచ్చే పోస్టులో, ఒకరో ఇద్దరో మాస్టర్లు ఉంటారు, అదీ రిటైరైనవారి స్థానంలో కొత్తవారు రాక ఖాళీ అవుతూ వస్తున్న స్థితిలో.

ఆన్‌లైన్ చదువన్నది మొదటి రకంలోనే జరిగింది. అక్కడ కూడా ఎలా జరిగిందో ఒక్క నోటు పుస్తకం తెరిస్తే తెలిసేది. 2021లో తిరిగి వచ్చిన మూడు, నాలుగు తరగతుల పిల్లల పుస్తకాల్లో మొదటి పేజీలు ముత్యాల్లాంటి దస్తూరీతో నిండి ఉండేవి. అది తల్లిది, లేదా అక్కది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి వాళ్లు రాసిపెట్టారు, పిల్లవాడు కింద పేరు రాశాడు, టీచరు టిక్కు పెట్టింది. తర్వాతి పేజీ నుంచి పిల్లవాడి సొంత రాత మొదలయ్యేసరికి గీత మీద నిలవని అక్షరాలు, సగంలో ఆగిపోయిన వాక్యాలు. ఇంట్లో ఎవరికీ రాని ఇంగ్లీషులో, మూడంగుళాల తెర మీద, పక్కన టీచరు లేకుండా సాగిన చదువు అంతకన్నా నిలవదు. ఇక ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోను రొయ్యల చెరువు కాపలాకు వెళ్లే తండ్రి జేబులో ఉంటే ఆ ఫొటో కూడా రాత్రికే ఇల్లు చేరేది.

రెండో రకం బడుల్లో ఆన్‌లైన్ అన్న మాటే లేదు. దూరదర్శన్ సప్తగిరిలో వచ్చిన పాఠాలు వాడలోని చిన్నపిల్లలకు పెద్దగా అందింది లేదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం ఉన్న జిల్లాలో, పలక మీద అ ఆలు దిద్దవలసిన వయసును రెండేళ్లు బడి బయటే గడిపిన పిల్లలున్నారు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాంతాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. అంటే పది మందిలో ఒక్కరు. ఈ అంకె ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెండింటినీ కలిపి చెప్పినది.

పదో తరగతి ఫలితాలు ఇంకో కోణం చూపించాయి. 2020లోనూ, 2021లోనూ పరీక్షలు రద్దయ్యాయి. 2022లో రాసినవారిలో 67.26 శాతమే ఉత్తీర్ణులయ్యారు. 2019లో అది 94.88 శాతం. 2022లో 78.30 శాతంతో రాష్ట్రంలో మొదటి స్థానం ప్రకాశం జిల్లాది. ఆ మొదటి స్థానాన్ని ఒంగోలులో గర్వంగానే చెప్పుకున్నారు, చెప్పుకోవాలి కూడా. అయితే శాతం లెక్క పరీక్ష రాసినవారి మీద కడతారు. అంతకు రెండేళ్ల ముందు ఎనిమిదో తరగతిలో ఉండి, కనిగిరి నుంచి తల్లిదండ్రులతో బెంగళూరు పనులకు వెళ్లిపోయిన కుర్రాడు గానీ, చీమకుర్తి క్వారీల దగ్గర నుంచి లాక్‌డౌన్‌లో కదిలిపోయిన వలస కుటుంబం పిల్లలు గానీ, పెళ్లి చేసి పంపేసిన పిల్ల గానీ ఆ లెక్కలో లేరు. మంచి శాతం వచ్చిన బడికి వాళ్లు గుర్తుకు రావడానికి కారణమే ఉండదు.

ఇప్పుడు ఫీజు సంగతి. 2020-21కి ట్యూషన్ ఫీజులో 30 శాతం తగ్గించాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అమ్మఒడి రెండో ఏడాది సొమ్మును 2021 జనవరి 11న ముఖ్యమంత్రి నెల్లూరులోనే విడుదల చేశారు. ప్రైవేటు బడుల పిల్లల తల్లులకూ అది అందింది. అయినా చాలా ఇళ్లలో ఆ డబ్బు బడి దాకా రాలేదు, అప్పుకో బియ్యానికో పోయింది. యాజమాన్యాల ఇబ్బంది కూడా నిజమే: గ్రాంటు లేని బడిలో టీచర్ల జీతం ఫీజులోంచే రావాలి, ఆ రోజుల్లో సగం జీతం మీద నెట్టుకొచ్చిన టీచర్లు, జీతమే లేక ఉపాధి హామీ పనికి వెళ్లిన ప్రైవేటు టీచర్లు మన కళ్ల ముందే ఉన్నారు. కానీ ఇబ్బంది నిజమైనంత మాత్రాన దాన్ని పిల్లవాడి మీద వేయడం సరైనదైపోదు. బకాయి కడితే గానీ టీసీ ఇవ్వమన్న మాట కార్పొరేట్ బడి గుమాస్తా అన్నప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. శిలువ గుర్తు ఉన్న కార్యాలయంలో వినిపించిన చోట మాత్రం విన్నవాళ్లు మర్చిపోలేదు. ఆ మాటతో వెనుదిరిగిన కుటుంబాల్లో కొన్ని ప్రభుత్వ బడికి వెళ్లాయి. కొన్ని ఎక్కడికీ వెళ్లలేదు.

ఎయిడెడ్ బడుల నెత్తిన అదే సమయంలో ఇంకో బరువు పడింది. పిల్లలు తిరిగి వస్తున్న 2021 ఆగస్టులోనే, ఎయిడెడ్ విద్యాసంస్థలు ఆస్తులతో సహా ప్రభుత్వానికి అప్పగించాలా, గ్రాంటు వదులుకుని సొంతంగా నడవాలా అన్న ఎంపిక ముందుకు వచ్చింది. నవంబరులో విద్యార్థులు రోడ్డెక్కాక, ఉన్నది ఉన్నట్లు కొనసాగే వెసులుబాటు కూడా ఇచ్చారు గానీ, ఆ మూడు నెలలు యాజమాన్యాల ధ్యాస అంతా స్థలాల పత్రాల మీదే ఉంది. ఎవరు రాలేదో వెతికే తీరిక ఎవరికి ఉంటుంది? ఈ విషయంలో ప్రభుత్వాన్ని తప్పుపట్టకుండా ఉండలేం.

అయితే కతోలిక సంస్థలకు ఉన్న ఒక సాధనం మరే ప్రైవేటు యాజమాన్యానికీ లేదు. అది విచారణ, అంటే ఒక ఫాదర్ చూసుకునే స్థానిక కతోలిక సంఘం (పారిష్). ప్రతి విచారణలోనూ ఇంటింటికీ తెలిసిన ఉపదేశి (ఫాదర్‌కు తోడుగా ఉండే మతబోధకుడు) ఉంటాడు. జ్ఞానస్నానాల రిజిస్టరు ఉంటుంది. ఆదివారం పూజకు ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో తెలిసిన పెద్దలుంటారు. సాయంత్రం పూట ఇళ్లు చూసి వచ్చే సిస్టర్లు ఉంటారు. కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1965లో విద్య మీద చేసిన ప్రకటన, పిల్లల మొదటి గురువులు తల్లిదండ్రులేనని, బడి వారితో కలిసి నడవాలని చెప్పింది. 2020 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్, ఈ మహమ్మారి వల్ల దాదాపు కోటిమంది పిల్లలు బడి మానే ప్రమాదం ఉందని తన వీడియో సందేశంలో హెచ్చరించారు. చెప్పేవారు చెప్పారు, నడిచి వెళ్లగలిగిన కాళ్లూ ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, విచారణ వెతికేది తన మంద వరకే. పట్టణ పాఠశాలల్లో చదివే పిల్లల్లో ఎక్కువమంది హిందూ, ముస్లిం కుటుంబాలవారు. బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు అన్ని మతాలవారూ చేరే నెల్లూరులో ఇది ఎవరికీ కొత్త విషయం కాదు. ఆ పిల్లలను బడికి కట్టి ఉంచేది ఫీజు పుస్తకం. అంటే ఈ సంఘానికి రెండు హద్దు గీతలున్నాయి: ఒకటి విచారణది, ఒకటి ఫీజుది. కతోలిక కుటుంబం పిల్లవాడు ఫీజు కట్టకపోయినా ఫాదర్‌తో మాట్లాడుకునే దారి ఉంటుంది. ఫీజు కట్టే ఇతర కుటుంబం పిల్లవాడికి ఆ అవసరమే లేదు. రెండు గీతలకూ బయట ఉన్న బిడ్డ ఎవరి లెక్కలోకీ రాడు. అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న సూళ్లూరుపేట వైపు చెరువు గట్ల మీద బతికే యానాది కుటుంబాల పిల్లలు, కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల (ఆకు కాల్చే కొట్ల) దగ్గర పెద్దవాళ్లకు సాయంగా ఉండిపోయిన పిల్లలు సరిగ్గా ఆ చోటులోనే పడ్డారు. చట్టం కూడా ఇక్కడ పెద్దగా పట్టుకోదు. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో తీర్పు ఇచ్చింది. కనుక చేయవలసింది సంస్థ తనంతట తాను చేయాలి.

ఇదంతా గడిచిపోయిన కథ అనుకోవడానికి లేదు. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న బిడ్డ 2025 జూన్‌లో ఆరో తరగతికి వచ్చింది. పదో తరగతి పరీక్ష రాసేది 2030లో. ఇప్పటికీ అక్షరాలు కూర్చుకుని చదవలేక వెనక బెంచీలో తలదించుకునే ఆరో తరగతి పిల్లను మొద్దు అనేముందు, ఆమె ఒకటో తరగతి ఏ ఫోనులో జరిగిందో అడగడం ఏ టీచరుకైనా కనీస ధర్మం. ఆరు, ఏడు తరగతులకు రోజూ ఒక పీరియడ్ చదివించడానికే కేటాయించమంటే సిలబస్ పూర్తి కాదంటారు. చదవడం రాని పిల్లకు సిలబస్ పూర్తి చేసి ఏం లాభం?

రాని పిల్లల విషయంలో చేయవలసింది అంత పెద్దదేమీ కాదు. 2019-20 హాజరు పట్టీలు ప్రతి బడి బీరువాలోనూ ఉన్నాయి. వాటిలోని ఒక్కొక్క పేరు పక్కన, ఆ బిడ్డ ఇప్పుడు ఎక్కడ చదువుతున్నదో, చదవకపోతే ఏం చేస్తున్నదో రాయాలి. కతోలిక పేర్లకే కాదు, అన్ని పేర్లకూ. వయసు దాటినవారిని ఓపెన్ స్కూల్లో చేర్పించి ఫీజు మేత్రాసనం భరించవచ్చు. ఆ రెండేళ్ల బకాయిలను యాజమాన్యాలు ముందు కొట్టివేయాలి, అవి ఎలాగూ వసూలు కావు. ఆగిపోయిన టీసీలను ఉపదేశి చేతికిచ్చి ఇళ్లకు పంపితే, ఏ పిల్ల ఎక్కడుందో సగం ఆ వారంలోనే తెలిసిపోతుంది.