పీజీ_కాన్ఫిగ్ గారికి బహిరంగ లేఖ

అయ్యా పీజీ_కాన్ఫిగ్ గారూ,

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర, మేడ మీద గదిలో కూర్చుని రైసు మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసుకునేవాళ్ళం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వివరాలు చెప్పే చిన్న ప్రోగ్రాం తమరు. మమ్మల్ని ఎరగరు. తమరు మాత్రం మాకు బాగా తెలుసు, ముఖ్యంగా లేనప్పుడు.

కొత్తగా చేరిన కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో, పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌తో కలిపే సైకోపీజీ2 లైబ్రరీ ఎక్కించబోయాడు. తెర నిండా ఎర్రర్లు, మధ్యలో తమరి పేరు: ఈ ఫైలు దొరకలేదు. "అన్నా, పోస్ట్‌గ్రెస్ పక్క గదిలో నడుస్తోంది కదా, మధ్యలో ఈయనెవరు?" అన్నాడు. దాన్ని కంపైల్ చేయాలంటే పోస్ట్‌గ్రెస్ ఫైళ్ళు ఎక్కడున్నాయో తమరినే అడగాలని, ఉబుంటు లినక్స్‌లో తమరు రావాలంటే లిబ్‌పీక్యూ-దేవ్ ప్యాకేజీ వేయాలని చెప్పాను. పోనీ సర్వర్ ఉన్న మెషీన్‌లో పిలిస్తే, అక్కడ తమరి పేరుతోనే ఒక చిన్న స్క్రిప్టు పలుకుతుంది. ఏమని? ముందు ఫలానా ప్యాకేజీ వేసుకుని రండి అని! అచ్చం కౌంటర్ మూసి బోర్డు పెట్టినట్టు.

సరే, దొరికారు. పేరులో కాన్ఫిగ్ ఉంది కదా, పోర్టు మార్చే ఫైలు ఎక్కడుందో చెబుతారనుకున్నాడు మావాడు. తమరు ఏకరువు పెట్టారు: బిన్‌డిర్, లిబ్‌డిర్, మాన్‌డిర్, సీఫ్లాగ్స్... మాకు కావలసిన సెట్టింగుల ఫైలు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ ఒక్కటి తప్ప. సిస్‌కాన్ఫ్‌డిర్ అని ఊరించి /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్-కామన్‌కి పంపించారు. అసలు ఫైలు ఆ పక్కనే, /ఈటీసీ/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/16/మెయిన్‌లో హాయిగా ఉంది. చివరికి డేటాబేస్‌లోకే వెళ్ళి "షో కాన్ఫిగ్_ఫైల్" అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పింది. తమరికి తెలిసిందల్లా పోస్ట్‌గ్రెస్‌ని ఎలా కంపైల్ చేశారు, ఏది ఎక్కడ పెట్టారు అన్నదే. అదీ అవసరమే, కాదనను. కనెక్షన్‌ని గుట్టుగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో బిల్డ్ చేశారా లేదా అన్న అనుమానం తీర్చేది తమరి కాన్ఫిగర్ ఆప్షనే.

మెషీన్‌లో పోస్ట్‌గ్రెస్ 14, 16 వెర్షన్లు రెండూ ఉంటే మాత్రం తమరిని నమ్మడం కష్టం. పాత్‌లో, అంటే ప్రోగ్రాంల కోసం మెషీన్ వెతికే ఫోల్డర్ల వరుసలో, ఎవరు ముందుంటే వారిదే మాట. డేటాబేస్‌కి అదనపు సదుపాయం చేర్చే ఎక్స్‌టెన్షన్‌కి మేక్ ఇన్‌స్టాల్ కొడితే సరుకంతా 14 ఇంట్లో దిగుతుంది. 16లో క్రియేట్ ఎక్స్‌టెన్షన్ అంటే కంట్రోల్ ఫైలే లేదంటుంది. పూర్తి పాత్ ఇచ్చి పిలిస్తే గాని తమరు సరైన మనిషి కారు.

ఇంకొకటి. టెర్మినల్‌లో దారినపోయేవాడు అడిగినా చెప్పే ఈ వివరాలనే 2016లో, 9.6 వెర్షన్‌లో, తమరి పేరుతోనే డేటాబేస్ లోపల ఒక వ్యూగా, అంటే చదువుకునే పట్టికలా, పెట్టారు. అక్కడ మామూలుగా సర్వాధికారి అయిన సూపర్‌యూజర్ తప్ప ఇంకెవరూ చూడకూడదట. వీధిలో చాటింపు, ఇంట్లో గుట్టు!

విసిగిపోయి మావాడు సైకోపీజీ2-బైనరీ అనే రెడీమేడ్ సరుకు తెచ్చుకున్నాడు. దానికి తమరి సంతకం అక్కర్లేదు. కానీ దాన్ని తయారుచేసినవాళ్ళే ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడకంలో, సోర్స్ నుంచి బిల్డ్ చేసుకోమంటున్నారు. కాబట్టి సోమవారం మిల్లువాళ్ళ సర్వర్ మీద మళ్ళీ తమరి దర్శనానికే వస్తాం. ఆరోజైనా పాత్‌లో ఉండగలరు.

ఇట్లు,
మేడ మీద గదివాళ్ళు
విజయనగరం