మన డబ్బుతో చేసిన పరిశోధనకు తాళమా?

మా మిరప చేలో నల్ల తామర పురుగు పడింది. పూలల్లో దూరి కూర్చుంటుంది, మందు కొట్టినా లొంగదు. నాన్న అడిగితే రాత్రంతా ఫోన్‌లో వెతికాను. ప్రభుత్వ నిధులతో మనవాళ్లే రాసిన పరిశోధన పేపర్ ఒకటి దొరికింది. నాలుగు లైన్ల సారాంశం, పక్కన తాళం బొమ్మ, 39 డాలర్లు కట్టమని! కూలి డబ్బులకే తడుముకుంటున్నాం, అదెక్కడి నుంచి తేవాలి?

రాసినవాళ్ల జీతం మన పన్నుల్లోంచే. కాపీరైట్ మాత్రం పబ్లిషర్ సంతకం పెట్టించుకుని తీసేసుకుంటాడు. ఇదేం న్యాయం? 2024 నవంబరులో కేంద్రం ఇలాంటి పరిశోధన జర్నళ్లు చదివే వీలు కల్పించే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేసింది. మంచిదే, కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లకే. చేలో ఉన్నవాడి సంగతేంటి? ఆ పురుగుతో పోరాడేది ఆయనే కదా!

పొద్దున్నే నాన్న మళ్లీ అడిగాడు, "దొరికిందా అమ్మా?" అని.