నీటి కొలతల పట్టిక గారికి

మహారాజశ్రీ నగర నీటి సరఫరా పనితీరు పట్టిక గారికి, చెన్నై పెరంబూరు నుంచి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇందాకే నీళ్ల బోర్డు నుంచి మెసేజ్ వచ్చింది, నీళ్లు రావట్లేదన్న మా ఫిర్యాదు పరిష్కారమైపోయిందట. సంపు మూత తీసి చూశాను. అడుగున బురద, ఆ బురదలో మోటారు పైపు కొసనుండే ఫుట్‌వాల్వు. మధ్యాహ్నం నీళ్ల లారీ పంపిస్తామన్నారని సెలవు పెట్టి మరీ గేటు దగ్గర కాపలా కాశాను!

తమరు 2008లో ఢిల్లీలో, కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఇంట ‘సర్వీస్ లెవెల్ బెంచ్‌మార్కులు’ అన్న పేరుతో పుట్టారు. నీళ్ల పనికి తొమ్మిది కొలతలు పెట్టారు. 24 గంటల సరఫరా అన్న గడి చూపిస్తే మా అత్తగారు పగలబడి నవ్వారు. తెల్లారకుండానే లేచి చేతిపంపు కొట్టేది ఆవిడే కదా. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నారు. ప్లాంటు దాటిన నీళ్లను జనం లెక్కతో భాగిస్తారు, కాబట్టి దారిలో పైపు పగిలి రోడ్డు పాలైనవి కూడా మేం స్నానం చేసినట్టే. బిల్లు పడకుండా పోయే నీళ్లు 20 శాతం దాటకూడదన్నారు. మీటర్లే లేని వీధిలో అది 20 శాతమో కాదో ఎవడికి తెలుసు? సరే, పోనీండి. కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి చెరువు దాకా కాలువ వెంట వచ్చే కృష్ణమ్మకే మా సందు మలుపు తిరగడం చేతకావట్లేదు.

నా బాధల్లా ఆ ఫిర్యాదుల గడి. నూటికి 80 ఫిర్యాదులు 24 గంటల్లో తీరాలన్నారు. పైపు బాగుచేయాలంటే రోడ్డు తవ్వాలి, మనుషులు కావాలి. ఫిర్యాదు మూయడానికి ఒక్క వేలు చాలు. మా కుళాయి ఎండింది, మీకు మార్కు పడింది. మళ్లీ ఫోన్ చేస్తే అది కొత్త ఫిర్యాదట. దాన్నీ మూస్తారు, ఇంకో మార్కు. వీధంతా కలిసి రోజూ మొత్తుకుంటే ఊరికి నూటికి నూరు మార్కులు ఖాయం!

మిమ్మల్ని పూర్తిగా తిట్టలేకపోతున్నాను కూడా. మీ అంకెల్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడానికి ఎ నుంచి డి దాకా గ్రేడ్లు మీరే పెట్టారు. అంత నిజాయితీ మా వార్డులో ఎవరికీ లేదు. పైగా సమస్య తీరిందని ఫిర్యాదు చేసినవాళ్లే రాతపూర్వకంగా ఒప్పుకోవాలని మీ పుస్తకంలోనే రాసుకున్నారు.

మరి నా సంతకం ఎవడు పెట్టాడండీ? నన్నెవడు అడిగాడు? ఖాళీ సంపు ముందు నిలబడి ఒప్పుకున్నానని ఎవడు రాశాడు? వాడి పేరు చెప్పండి చాలు, మార్కుల సంగతి తర్వాత చూసుకుందాం.