‘రచయితతో ముఖాముఖి’ సభ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ‘రచయితతో పాఠకుల ముఖాముఖి’ సభ గారికి, హనుమకొండ నుంచి ఒక పాఠకుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేకపోవడానికి కారణమూ కనబడదు. నెలకు ఒక నవల వచ్చినా, రెండు వచ్చినా, అసలు రాకపోయినా, నక్కలగుట్టలోనో సుబేదారిలోనో ఏదో ఒక హాలు చూసుకొని, ఆదివారం ఉదయం పది గంటలకని కార్డు వేయించి, పదకొండున్నరకు జ్యోతి వెలిగించి, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు పంచి, తమరు ఏళ్ల తరబడి నిరాటంకంగా జరిగిపోతూనే ఉన్నారు. తమరిలో కొరవడినది ఒక్కటే, అది కూడా తమరు ఎప్పుడూ గమనించనంత చిన్న విషయం: పుస్తకం చదివినవాడు దాన్ని రాసినవాడితో మాట్లాడడం.

ఈ మధ్య తమరు ఒక ప్రయోగాత్మక నవల మీద కొలువుదీరారు. ఆ నవల పేరు గానీ రచయిత పేరు గానీ ఇక్కడ రాయను. ఆయన సౌమ్యుడు, ఆ రోజు మోసిన శాలువాల బరువే ఆయనకు చాలు. 1934లో మొదలై 2002లో మూతపడిన మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు ఆ నవలకు నేపథ్యం. తాత, తండ్రి, కొడుకు, మూడు తరాల సాంచె (మరమగ్గం) కార్మికులు మూడు షిఫ్టులుగా నడుస్తారు, అదీ వెనుక నుంచి ముందుకు: మిల్లు మూతపడిన కొడుకు కాలంతో మొదలై, సాంచెకు కొత్త నూనె వాసన వచ్చే తాత కాలంతో ముగుస్తుంది. పుస్తకమంతా ఒకే వాక్యం. మిల్లు నడుస్తున్నంతసేపు వాక్యం ఆగకూడదన్నది రచయిత పట్టుదల, కాబట్టి ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు. సైరన్ కూసిన ప్రతిచోటా మాత్రం ఒక తెల్ల పేజీ ఉంటుంది. కష్టపడి చదవవలసిన పుస్తకమే గాని, చదివితే కష్టం వృథా పోదు.

ఇటువంటి నవలంటే తమరికి ప్రాణమని నేను చాలాకాలంగా కనిపెడుతూనే ఉన్నాను. మామూలు నవల మీద మాట్లాడాలంటే నాయిక చివరకు బతికిందా చచ్చిందా అన్న సంగతైనా వక్తకు తెలిసి ఉండాలి, తప్పు చెబితే మూడో వరుసలోని ముసలాయన గొంతు సవరించుకుంటాడు. ప్రయోగాత్మక నవలతో ఆ భయం లేదు. కథ తెలియకపోతే ‘కథను నిరాకరించిన కథనం’ అనవచ్చు, మధ్యలో వదిలేసి ఉంటే ‘అసంపూర్ణత్వమే దీని పరిపూర్ణత’ అనవచ్చు, అసలు పుస్తకమే తెరవకపోతే ‘ఇది చదివే నవల కాదు, అనుభవించే నవల’ అనవచ్చు. చదవకుండా వేదిక ఎక్కేవాడికి ఇంతకంటే క్షేమకరమైన పుస్తకం ముల్లోకాలు గాలించినా దొరకదు.

ఆ రోజు మొదటి వక్త రచయితతో తనకున్న బాల్యస్నేహం గురించి, ఇద్దరూ కలిసి భద్రకాళి చెరువులో ఈత కొట్టిన వైనం గురించి సవిస్తరంగా చెప్పి, ఈత ముగిసేసరికి సమయం కూడా ముగిసిందని నవల జోలికి పోకుండానే కూర్చున్నారు. రెండవ వక్త చైతన్యస్రవంతి, మాంత్రిక వాస్తవికత, ఆధునికోత్తరవాదం అన్న మూడు మాటలను ముందొకసారి, వెనుకొకసారి, మధ్యలో ఒకసారి వరుస మార్చి చెప్పి ఎక్కువ చప్పట్లు పొందారు. మూడవ వక్త మాత్రం ప్రెస్సువాళ్ల నిర్లక్ష్యం వల్ల పుస్తకంలో చాలా పేజీలు అచ్చు పడకుండా తెల్లగా ఉండిపోయాయని, మలి ముద్రణలోనైనా సరిచేసుకోవాలని రచయితకు హితవు పలికారు. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఆ ఉదయం వేదిక మీది నుంచి వచ్చిన నిజమైన పాఠక స్పందన అదొక్కటే. కనీసం ఆయన పేజీలు తిప్పారు.

తమరు 1969ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు, హాస్టళ్లు అట్టుడికిపోతున్న ఆ సంవత్సరమే, మన ఉమ్మడి వరంగల్ జిల్లా వావిలాలలో పుట్టిన నవీన్ గారి ‘అంపశయ్య’ వెలువడింది. ఉస్మానియా హాస్టలులో ఉండే రవి అనే విద్యార్థి మనసులో ఒక్క రోజు పాటు సాగిన ఆలోచనల వెంట పోవడమే ఆ నవల. సరిగ్గా అదే ఏడాది పారిస్‌లో జార్జ్ పెరెక్, ఫ్రెంచివాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వాడే ‘e’ అనే అచ్చును ఒక్కసారి కూడా వాడకుండా ఒక నవల మొత్తం రాశాడు. లండన్‌లో బి. ఎస్. జాన్సన్ తన నవలను కుట్టు వేయని 27 భాగాలుగా ఒక పెట్టెలో పెట్టి, మొదటిదీ చివరిదీ పోను మిగిలిన 25 భాగాలను మీకు తోచిన వరుసలో చదువుకోండని పాఠకుల చేతిలో పెట్టాడు.

పెరెక్ నవలను సమీక్షించిన ఒక విమర్శకుడు అందులో ఆ అచ్చు లేదన్న సంగతే గమనించలేదని సాహిత్యలోకం ఇప్పటికీ చెప్పుకొని నవ్వుకుంటుంది. ఆయన మన ఊళ్లో పుట్టి ఉంటే ఎవరూ నవ్వేవారు కారు, తమరు ఆయనను ముఖ్య అతిథిగా పిలుచుకునేవారు. జాన్సన్ పెట్టెను మన హాలులో ఆవిష్కరించి ఉంటే ఏమయ్యేదో కూడా నేను ఊహించగలను. రిబ్బను విప్పగానే సీలింగు ఫ్యాను గాలికి భాగాలన్నీ లేచి తలో దిక్కుకూ ఎగిరితే, తన ఒడిలో వచ్చి పడిన దాన్ని ఆత్మీయ అతిథి ఫోటోగ్రాఫర్ వైపు తిప్పి పట్టుకొని, ఆద్యంతం బిగువు సడలని కథనమని కొనియాడి ఉండేవారు.

నవీన్ గారి సంగతి వేరు. ఆయన నవలను జనం చదివి ఊరుకోలేదు, పుస్తకం పేరును రచయితకు ఇంటిపేరు చేశారు. దొంగరి మల్లయ్యగా పుట్టి నవీన్‌గా రాసిన మనిషి అంపశయ్య నవీన్ అయ్యారంటే, ఒక ప్రయోగానికి పాఠకులు ఇంతకంటే గట్టిగా ఎట్లా స్పందించగలరు? దానికి ఏ జ్ఞాపికా సాటి రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ రోజు వెనుక వరుసలో, తలుపు పక్కన, మిల్లులో పని చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఆయన చేతిలోని ప్రతి నలిగి ఉంది, అట్టకు పాత క్యాలెండరు కాగితం తొడిగి ఉంది. పాఠకుల వంతు వచ్చిందని ప్రకటించగానే ఆయన లేచాడు. మైకు ఆయన దాకా రావడానికి తీగ చాలలేదు. తీగ చాలే దూరంలో ఉన్నవారు ముగ్గురే, ముగ్గురూ కవులే, ముగ్గురూ తమ కవితలే చదివారు. అంతలోనే సమయాభావం వచ్చి పడింది. సభ గంటన్నర ఆలస్యంగా మొదలైనప్పుడు కనబడని ఈ సమయాభావం పాఠకుడు లేవగానే ఎక్కడి నుంచి ఊడిపడుతుందో తమరే చెప్పాలి. ‘నా గొడవ’ అని తన కవిత్వానికి పేరు పెట్టుకున్న కాళోజీ తిరిగిన ఊరిలో పాఠకుడి గొడవకు నాలుగు గజాల తీగ కరువైంది.

ఆ పెద్దమనిషి పుస్తకాన్ని నేను మెట్ల దగ్గర చూశాను. పేజీ పేజీకీ పెన్సిలుతో చుక్కలు ఉన్నాయి. రచయిత ఎక్కడా పెట్టని ఫుల్‌స్టాపులను ఈయన తన చేతితో పెట్టుకుంటూ పోయాడు. చదవలేక పెట్టుకున్నారా అని అడిగాను. ‘చదవరాకనా? అది కాదు సారూ,’ అన్నాడాయన. ‘సైరన్ కూస్తే సాంచె ఆగదు. అది నడుస్తుండంగనే ఒకడు దిగుతడు, ఇంకొకడు ఎక్కుతడు. పోగు తెగితేనే సాంచె ఆగుతది. గీ సారు సైరన్ కాడ తెల్లకాగితం పెట్టిండు గని, పోగు తెగిన కాడ ఆగనే లేదు. నేను పోగు తెగిన కాడల్లా చుక్క పెట్టిన.’

మరొకసారి చదవండి. నవల రూపం గురించి, అది ఎందుకు అట్లా ఉన్నదన్న దాని గురించి, ఎక్కడ పట్టు తప్పిందన్న దాని గురించి అంత సూటిగా మాట్లాడినవారు ఆ ఉదయం వేదిక మీద ఒక్కరూ లేరు. మామూలు నవలకైతే నాలుగు చప్పట్లు కొట్టి పంపించినా పెద్దగా నష్టం లేదు. ఇటువంటి నవల తన పనిలో సగం పాఠకుడికి అప్పగిస్తుంది; ఆ సగం అతని చేతిలో ఏమైందో వినకపోతే, తాను తలపెట్టినది నెరవేరిందో లేదో తెలుసుకోవడానికి రచయితకు వేరే దారి ఏదీ లేదు. పెళ్లికొడుకును విడిదిలో మరచిపోయి ఊరేగింపు నడిపినట్లు తమరు చేసినది అదే.

రచయిత గారిని కూడా పూర్తిగా వదిలిపెట్టలేను. తన స్పందనలో ఆయన, ఇటువంటి నవల అర్థం కావాలంటే పాఠకుడు ఎదగాలని సెలవిచ్చారు. ఎదిగిన పాఠకుడు తలుపు పక్కనే ఉన్నాడని ఆయనకు తెలియదు, తెలియనివ్వకపోవడంలోనే తమరి నేర్పు ఉంది. తరువాత మెట్ల దగ్గర ఆ చుక్కల పుస్తకం ఆయన కంటబడింది. రెండు పేజీలు తిప్పి, మూడవ పేజీలో ఒక చుక్క మీద వేలు పెట్టి, ‘ఇక్కడెందుకు?’ అని అడగబోతుండగా నిర్వాహకులు వచ్చి, గ్రూప్ ఫోటోకు అందరూ ఎదురుచూస్తున్నారని భుజం పట్టి లోపలికి తీసుకొనిపోయారు. ఆ ఫోటో మరునాడు జిల్లా పేజీలో వచ్చింది. వేదిక మీద కూర్చున్నవారందరూ అందులో ఉన్నారు, అందరి చేతుల్లోనూ పుస్తకాలు ఉన్నాయి, ఒక్కదానికీ మడత లేదు.

1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయమనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు ఇది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం చేతికి అందడమే గగనమైన కాలంలో చదువుకోవడానికి చోటు వెతుక్కున్నవారి వారసులం మనం. చదివినదాన్ని చెప్పుకోవడానికి ఇప్పుడు హాళ్లకు కొదువ లేదు. కాబట్టి నా కోరిక పెద్దదేమీ కాదు. జ్యోతి వెలిగించిన వెంటనే, శాలువాలకు ముందే, పుస్తకం చదివినవారిని మాట్లాడనివ్వండి. అర్థం కాలేదు అని చెప్పేవారిని మరింతసేపు మాట్లాడనివ్వండి, ఎక్కడ అర్థం కాలేదో పేజీ తీసి చూపమనండి. రచయితను వేదిక మీద గాక వారి పక్కన కుర్చీలో కూర్చోబెట్టండి. బాల్యస్నేహితులు ఉంటే పులిహోర వేళకు రావచ్చు.

వచ్చే నెల సభకు తమరి కార్డు నిన్ననే అందింది, ధన్యవాదాలు. అందులో ‘పాఠకుల స్పందన’ అన్న అంశాన్ని వందన సమర్పణకు, జాతీయగీతానికి తరువాత అచ్చు వేశారు. అది అచ్చుతప్పైతే దయచేసి సవరించగలరు. కాకపోతే ఆ వేళకు మైకువారిని సామాను సర్దుకోనివ్వవద్దనీ, తీగ తలుపు దాకా వచ్చేటట్లు చూడాలనీ మనవి.

ఇట్లు,
పుస్తకం చదివి వచ్చే ఒక శ్రోత,
హనుమకొండ.