నటన పొట్టకూటి పనేనా?

నాటకాలు, కవిత్వం రాసే రంగస్థల నటుల గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ అలాంటివాళ్లకు నటన పొట్టకూటి కోసమే, రచనే అసలు పని అన్న మాట నాకు మింగుడుపడలేదు. ఇంగ్లిష్ నాటకకర్త హెరాల్డ్ పింటర్‌నే చూడండి. 1957లో తొలి నాటకం రాసేనాటికే ఆయన చేయి తిరిగిన నటుడు. డేవిడ్ బారన్ అనే పేరుతో ఊరూరా వేషాలు కట్టాడు. కవితలైతే అంతకుముందే అచ్చయ్యాయి. ఆయన నాటకాల్లో సంభాషణల మధ్య వచ్చే ఆ మౌనాలు బల్ల ముందు కూర్చుని ఊహించినవంటే నేను నమ్మను. మాట ఆగినప్పుడు ప్రేక్షకుడు ఎంతసేపు ఊపిరి బిగబట్టగలడో వేదిక మీద నిలబడ్డవాడికే తెలుస్తుంది. 2005లో నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడాది, జబ్బుతో ఉండి కూడా, చక్రాల కుర్చీలో కూర్చుని ఐరిష్ రచయిత శామ్యూల్ బెకెట్ రాసిన ఏకపాత్ర నాటకం ఆడాడు. పొట్టకూటికే అయితే అప్పుడెందుకు ఆడినట్టు?

షేక్‌స్పియర్ కూడా నటుడేగా. ప్లేగు వల్ల నాటకశాలలు మూతపడిన రోజుల్లో, 1593లో ఆయన దీర్ఘకావ్యం వెలువడింది. ఈ ముచ్చట వ్యాసంలో ఉంటే బాగుండేది. ఇంకో మాట, వ్యాసంలో కవిత్వానికి రెండే వాక్యాలా? మరీ పిసినారితనం!