రెండో ఎత్తుకే మంత్రి గారి పర్యటన

నల్లగొండ గడియారం చౌరస్తా నుంచి పాలమూరు పిల్లలమర్రి దాకా, చదరంగంలో కొత్తగా పావులు పట్టినవారంతా నిష్ఠగా పాటించే ఆచారం ఒకటుంది: రెండో ఎత్తుకే మంత్రిని పర్యటనకు పంపడం. దీన్ని తక్షణమే ప్రభుత్వ విధానంగా ప్రకటించాలి.

కార్యక్రమ వివరాలు (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస; పావు పేరు చెప్పకపోతే అది బంటు). తెల్ల బంటు ఈ4, నల్ల బంటు ఈ5. వెంటనే మంత్రి గారు హెచ్5లో వాలతారు. కాన్వాయ్ లేదు, గుర్రాలు, ఒంటెలు ఆఫీసుల్లోనే కునుకు తీస్తుంటాయి. నల్ల గుర్రం సీ6కి వచ్చి ఈ5 బంటుకు కాపు కాస్తుంది. తెల్ల ఒంటె సీ4కి వస్తుంది. గురి ఎఫ్7 మీద. అక్కడి బంటుకు రాజు తప్ప దిక్కు లేదు. ఎదుటివాడు తెలియక రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చాడా, మంత్రి ఎఫ్7 కొట్టి నాలుగో ఎత్తుకే ఆటకట్టు. సభ విజయవంతం, ఫొటోలు.

తెలిసినవాడైతే జీ7 బంటును ఒక్క గడి జరుపుతాడు. 9 పాయింట్ల మంత్రిని 1 పాయింటు బంటు నిలదీసినట్టే. ఆయన ఎఫ్3కి తగ్గి మళ్లీ ఎఫ్7 వైపే చూస్తారు. ఇప్పుడు గుర్రం ఎఫ్6లో అడ్డం కూర్చుంటుంది. నల్ల పక్షానికి రెండు గుర్రాలూ డ్యూటీలో చేరాయి. మన మంత్రి రెండు ఎత్తులు తిరిగి, సొంత గుర్రం కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చున్నారు. మన దగ్గర ఇదేమీ వింత కాదు.

ఏనుగు భక్తులది వేరే వర్గం. ముందు ఏ4, ఆనక ఏనుగు ఏ3. ఎదుటివాడు ఈ5 ఆడి ఉంటే ఎఫ్8 ఒంటెకు దారి తెరిచే ఉంటుంది; నేరుగా వచ్చి ఏనుగును కొడుతుంది. బదులుగా ఒంటెను తీసుకోవచ్చు. 5 పాయింట్ల ఏనుగునిచ్చి 3 పాయింట్ల ఒంటెను తెచ్చుకోవడం, టెండర్ల భాషలో పొదుపు.

ఇటాలియన్ అనే ఆరంభ పద్ధతివాళ్లే అభివృద్ధి నిరోధకులు. ఈ4, ఈ5 తర్వాత గుర్రం ఎఫ్3, నల్ల గుర్రం సీ6, ఒంటె సీ4, నల్ల ఒంటె సీ5. నాలుగో ఎత్తుకే రాజును భద్రపరిచే కోట: రాజు జీ1కి, ఏనుగు ఎఫ్1కి. దేవరకొండ కోటను ఏడు గుట్టల నడుమ కట్టినవాళ్లకూ ఇదే పిరికితనం కాబోలు.

లండన్ పద్ధతి మరీ గుమాస్తా వ్యవహారం. ఎదుటివాడు ఏమాడినా ఇంచుమించు అదే హాజరు పట్టీ: డీ4, ఒంటె ఎఫ్4, ఈ3, గుర్రం ఎఫ్3, సీ3. దీనికి మనవాళ్లు చేసిన సవరణ, ఈ3 ముందే ఆడేయడం. తలుపు మూశాక ఒంటె సీ1లోనే రిటైరవుతుంది.

పర్యటనలో మంత్రి పోతే? ఉమ్మడి నల్లగొండకు ఉప ఎన్నికలు కొత్తా! 2019లో హుజూర్‌నగర్, 2021లో నాగార్జునసాగర్, 2022లో మునుగోడు. ఎనిమిదో వరుసకు చేరిన ఏ బంటుతోనైనా మంత్రిగా ప్రమాణం చేయించవచ్చు. కాకపోతే బంట్లన్నీ ఇంకా రెండో వరుస దగ్గరే ఉన్నాయి, రాజు ఈ1లోనే ఉన్నాడు.